పరుపుల వీధిలో ముట్టని టీ

ప్రొద్దుటూరు,
9 జూన్ 2025

అత్తా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని ఆశ్చర్యపోకు. క్రిస్మస్ నాడు ఫోన్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకరి మాట ఒకరం వినకుండా పోట్లాడుకున్నాం కదా. "ఇంగ నాకేమన్నా చెప్పల్లనుకుంటే కాగితం మీద రాయి. కాగితం నడిమధ్యలో అడ్డం రాదు" అన్నావు. నీ మాట ప్రకారమే రాస్తున్నాను. నీ తమ్ముడు యేసుబాబు చిన్నాన్న పులివెందుల బస్సులో కండక్టరుగా ఉన్నంతకాలం మనకు స్టాంపుతో కూడా పని లేదు.

ఉద్యోగంలో చేరి నెల దాటింది. ఇంకో ఇరవై ఏళ్ళకు ప్రొద్దుటూరు ఎలా ఉండాలో మా కంపెనీ ప్లాను గీస్తోంది. రోడ్లు ఎటు, మార్కెట్టు ఎక్కడ, మురుగునీళ్ళు ఎటు పోవాలి, అన్నీ అందులో ఉంటాయి. గీసేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ గీతలు జనానికి చూపించి, వాళ్ళేమంటారో రాసుకొచ్చి మా టీం లీడరు సారుకు ఇవ్వడం నా పని.

మొదటి సభ ఎక్కడ పెట్టానో చెప్పుకో చూద్దాం. మన పరుపుల వీధిలోనే! నువ్వు తాళం వేసి వెళ్ళిన ఇంటి ముందే షామియానా వేయించాను. బైపాసు నుంచి బంగారు అంగళ్ళ దాకా అరవై అడుగుల రోడ్డు ఆ వీధి మీదుగా వస్తుంది. రెండు పక్కలా అరుగులు పోతాయి, కొన్ని ఇళ్ళకు ముందు గదులు కూడా పోతాయి. నష్టపరిహారం ఇస్తారు. మ్యాపు గోడకు తగిలించి, ఎర్ర గీత మీద వేలు పెట్టి, నిదానంగా చెప్పాను. మీ ఎదురింటి జానీబీ అత్త చేతిలో పరుపులు కుట్టే సూది పట్టుకునే వచ్చి కూర్చుంది. వీధి పెద్ద అబ్దుల్ వాహిద్ తాత అంతా విని, "మేమేం జెప్తాం పాపా, సదువుకున్నోల్లు మీరు. మీకు తెల్దా?" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు.

ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదత్తా! పక్క వార్డులో మా వాళ్ళ మీదికి కుర్చీలు ఎత్తారట. నేను మాత్రం "అభ్యంతరాలు లేవు" అని రాసి దర్జాగా సారు చేతికిచ్చాను.

ఒక్క టీయే నా పరువు తీసింది. సభ మొదట్లోనే అందరికీ పోయించాను. గ్లాసులు అందుకుని పక్కన పెట్టుకున్నారే తప్ప ఎవరూ తాగలేదు. వాళ్ళు వెళ్ళాక చూస్తే అన్నీ మీగడ కట్టి అలాగే ఉన్నాయి. ఆ టీ అంగడాయన దగ్గరికి వెళ్ళి, పాలల్లో నీళ్ళు కలిపావా నీళ్ళల్లో పాలు కలిపావా అని అడిగేసి వచ్చాను.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ ముద్దుల మేనకోడలు (ఇంకా ముద్దులే అనుకుంటున్నాను),
శిరీష

*

పులివెందుల,
12 జూన్ 2025

చిరంజీవి శిరీషకు అత్త దీవెనలు.

దేవుని దయ వల్ల మోకాళ్ళు తప్ప మిగతా నేనంతా బాగున్నాను. ఈరోజే బడి తెరిచారు. తొమ్మిదో తరగతి మగపిల్లలు వేసవిలో నాకంటే పొడుగైపోయారు. తెలివి మాత్రం ఏప్రిల్లో ఎక్కడ వదిలిపోయారో అక్కడే ఉంది. యేసుబాబు చేత చీనీకాయలు పంపుతున్నాను. తోట దగ్గర కొన్నవి, పిండితే గ్లాసెడు రసం వస్తుంది.

నీ ఉత్తరం కంటే ముందే జానీబీ ఫోను వచ్చింది. "అక్కా, పాప శానా బాగా చెప్పింది. కానీ మా గ్లాసులు జూసి గూడా జూడనట్టు పాయె. మేం అంత ల్యాకుండా పోతిమా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వీధి మర్యాద ఆ వీధి మనవరాలికి నేను చెప్పాలా? అంతమంది గ్లాసులు వదిలేసి వెళ్ళిపోతే, అది కళ్ళారా చూసి కూడా పైకి "అంతా బాగుంది" అని రాసి పంపావంటే ఏమనుకోవాలి? పెద్ద చదువు చదివితే కళ్ళు నెత్తికెక్కుతాయని మా అమ్మ అనేది. నా విషయంలో అంటుంటే కోపం వచ్చేది, నీ విషయంలో నిజమేమో అనిపిస్తోంది.

మళ్ళీ సభ పెట్టు. ఈసారైనా ఆ గ్లాసుల సంగతి బుద్ధిగా చూసుకో. ఇంతకంటే విడమరిచి రాస్తే నీకూ నామోషీ, నాకూ నామోషీ.

మీ నాన్నకు బీపీ మాత్రలు గుర్తు చేయి. కలమల్ల థర్మల్ ప్లాంటులో రిటైరైనా ఇంకా డ్యూటీలో ఉన్నాననుకుని తిరుగుతున్నాడట.

అత్త,
దేవకుమారి

*

ప్రొద్దుటూరు,
18 జూన్ 2025

అత్తా,

నీ చీనీకాయలు బాగున్నాయి, నీ ఉత్తరమే పుల్లగా ఉంది.

అయినా నువ్వన్నది నిజమే అనుకున్నాను. పని మాన్పించి పిలుచుకున్న పెద్దవాళ్ళకు నీళ్ళ టీ పోయడమేమిటని సిగ్గుపడ్డాను. అందుకని నిన్న రెండో సభకు సిరాజుద్దీన్ హోటల్ నుంచి బాదం పాలు తెప్పించాను, జీడిపప్పు పలుకులు తేలేంత చిక్కగా. పక్కన ఉస్మానియా బిస్కెట్లు. గాజు గ్లాసులు కూడా మార్పించి తళతళలాడే స్టీలు గ్లాసులు పెట్టించాను.

ఒక్కరంటే ఒక్కరు ముట్టలేదు. బాదం పాల మీద ఈగలు విందు చేసుకున్నాయి. ఇంకెవరైనా మాట్లాడతారా అని మూడు సార్లు అడిగాను. వాహిద్ తాత "నువ్వు చెప్పినావు, మేం ఇన్యాం పాపా" అని లేచాడు. జానీబీ అత్త నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, నా ముఖం కూడా చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఎర్ర గీతలో నీ ఇంటి అరుగు కూడా ఉంది. నువ్వేమైనా వాళ్ళకు ఫోన్ చేసి పాపకు సహకరించొద్దని చెప్పావా? అంతకుముందు నాతో నవ్వుతూ ఉన్నవాళ్ళు నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇలా అయిపోయారు. మన అరుగు ఉంది కదా అని గీత పక్కకు జరిపిస్తే రేపు ఊరంతా నన్నేమంటుంది? నా ఉద్యోగం అప్పుడే మొదలైంది అత్తా.

సారు మాత్రం సంతోషంగా ఉన్నారు. రెండు సభల్లోనూ అభ్యంతరం లేని వీధి ఇదొక్కటేనట. అందుకని ఈ రోడ్డును మొదటి దశలోనే పెట్టిస్తానన్నారు. అభ్యంతరాలకు చివరి తేదీ జూలై 5. ఆ తర్వాత గీత గీతే.

శిరీష

*

పులివెందుల,
26 జూన్ 2025

శిరీషా,

నీ ఉత్తరం నాకు నిన్న సాయంత్రం అందింది. యేసుబాబు బామ్మర్ది పెళ్ళికని సెలవు పెట్టి జమ్మలమడుగులో వారం రోజులు తిష్ట వేశాడు. నీ ఉత్తరం వాడి సంచిలో, పెళ్ళిలో పంచిన లడ్ల కింద పడి ఉంది. ఒక మూల నెయ్యి మరక. నేను జవాబు రాయలేదని నువ్వేమనుకున్నావో ఊహించుకోగలను. ఆ వారం రోజుల్లో ఏమైందో తలుచుకుంటే భయంగా కూడా ఉంది.

మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండిపోయింది. నా అరుగు కోసం నేను వీధినంతా నీ మీదికి ఎగదోశానా? నిన్ను భుజాన వేసుకుని జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన చేతులివి. రెండు పేజీలు కడిగేస్తూ రాశాను. రాసి, మళ్ళీ నీ ఉత్తరం చదివాను. బాదం పాల దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా తట్టింది, ఈ పిల్లకు నిజంగానే తెలియదని. నేను రాసిన రెండు పేజీలూ చించేశాను.

తప్పు నాదే. నువ్వు కలమల్ల క్వార్టర్సులో పెరిగావు. అక్కడ వీధులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి, తగువొస్తే ఆఫీసులో అర్జీ ఇస్తారు. వేసవి సెలవులకు మా దగ్గరికి వచ్చినా, పంచాయితీ జరిగే పూట పిల్లలందరినీ మిద్దె మీదికి తరిమేసేవాళ్ళం. నీకెలా తెలుస్తుంది?

విను. మా వీధిలో ఏ పంచాయితీ జరిగినా ముందు టీ పోస్తారు. పెద్దమనిషి చెప్పిన మాట ఒప్పుకున్నవాడు తాగుతాడు. ఒప్పుకోనివాడు గ్లాసు అందుకుని, మర్యాదగా పక్కన పెట్టి, తాగకుండా లేచిపోతాడు. ఎదురుగా "ఒప్పుకోను" అంటే పెద్దమనిషి తల తీసేసినట్టు. గ్లాసు వదిలేస్తే ఎవరి పరువూ పోదు, సంగతి అందరికీ తెలుస్తుంది. ఈ సీమలో ఒకప్పుడు మాట మీద మాట పెరిగి ఏమయ్యేదో నీకు చెప్పనక్కరలేదు. మా తాత అనేవాడు: "మాట జారితే కొడవలి లేస్తాది. గ్లాసు వదిలితే ఏం లేస్తాది? ఈగలు లేస్తాయి, అంతే."

అంటే మొదటి సభలోనే వీధి వీధంతా నీకు వద్దని చెప్పింది. నువ్వు దాన్ని సరేనని రాసుకున్నావు. రెండోసారి వద్దన్నవాళ్ళకు బాదం పాలు పోశావు. దాన్ని ఏమంటారో తెలుసా? లంచం అంటారు. "టీ వద్దంటే బాదం పాలు పంపె, రేపు బిర్యానీ పంపుతాదేమో" అని వాహిద్ అన్నాడట. జానీబీ తలుపు వేసుకున్నది నీ మీద కోపంతో కాదు, నీ బదులు తాను సిగ్గుపడి.

వాళ్ళెందుకు వద్దంటున్నారో కూడా చెబుతాను. పరుపు కుట్టడానికి మనిషి కాళ్ళు బార్లా చాపుకునేంత చోటు కావాలి, గాలి కావాలి. ఇంట్లో కూర్చుని కుడితే దూది నుసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జానీబీ మొగుడు అలాగే దగ్గి దగ్గి పోయాడు. ఆ అరుగే ఆమె అంగడి. నష్టపరిహారం గోడకిస్తారు, అరుగు మీద జరిగే పనికి ఎవరిస్తారు?

ఐదో తేదీకి ఎక్కువ రోజులు లేవు. ఏం చేస్తావో నువ్వే ఆలోచించుకో. నేను ఫోన్ చేయను, చేస్తే మళ్ళీ ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం.

నా అరుగు గురించి నువ్వన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అత్త

*

ప్రొద్దుటూరు,
1 జూలై 2025

అత్తా,

నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. మోకాళ్ళ కింద పట్టుకుంటాను, నొప్పి లేని చోట. అరుగు గురించి ఆ మాట అనకుండా ఉండాల్సింది. జవాబు రాని ఆ వారమంతా నువ్వు నిజంగానే నన్ను వదిలేశావనుకున్నాను.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. నేరుగా సారు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయనది కోనసీమ. చెడ్డవాడు కాదు కానీ నవ్వేశారు. "టీ తాగకపోతే అభ్యంతరమని ఏ నిబంధనలో ఉందమ్మా? వద్దనుకుంటే కాగితం మీద రాసి ఇమ్మనండి" అన్నారు. ఒక్కసారి మీరే వచ్చి కూర్చోండి సార్ అని బతిమాలాను. శనివారం సాయంత్రం వస్తానన్నారు.

ఈసారి నేను టీ తెప్పించలేదు. బిస్కెట్లు లేవు, షామియానా లేదు. జానీబీ అత్త ఇంటికి వెళ్ళి, నాకు మీ వీధి పద్ధతి తెలియదని, తెలియక చేశానని చెప్పాను. ఆమె "కలమల్ల పిల్లవి, నీకు యాడ తెలుస్తాది" అని తలుపు పూర్తిగా తెరిచింది. ఆ సాయంత్రం టీ ఆమే పెట్టింది. ఆమె అరుగు మీద, ఆ నున్నటి కడప బండల మీద అందరం కూర్చున్నాం. సారుకు మాత్రం కుర్చీ.

టీ ముందు సారుకిచ్చింది, తర్వాత నాకు, తర్వాత అందరికీ. సారు మ్యాపు గురించి మాట్లాడుతూనే గటగటా తాగేసి, ప్రొద్దుటూరులో ఇంత మంచి టీ తాగలేదని ఇంకో గ్లాసు అడిగి తాగారు. మిగతా గ్లాసులన్నీ ఎప్పటిలాగే బండల మీదికి చేరాయి.

నా గ్లాసు నా చేతిలోనే ఉంది. అల్లం వాసన వస్తోంది. పొద్దున్నుంచి తిరిగి తిరిగి నా గొంతు ఎండిపోయింది. తాగితే నేను రాసిన "అభ్యంతరాలు లేవు" నిజమైపోతుంది. తాగకపోతే సారు పక్కన కూర్చుని సారుకే ఎదురు తిరిగినట్టు. గ్లాసు తీసుకెళ్ళి బండ మీద పెట్టేశాను. టక్కుమని చప్పుడైంది.

అందరూ ఆ గ్లాసు వైపే చూశారు. వాహిద్ తాత ముందుకు వంగి, "ఏంది పాపా, నీగ్గూడా ఇష్టం ల్యాదా?" అన్నాడు.

"లేదు తాతా. అరుగులు తీసేసే రోడ్డు నాకూ వద్దు. కానీ నా గ్లాసుతో పని జరగదు, మీ గ్లాసులతోనూ జరగదు. పైవాళ్ళకు ఈ భాష రాదు. మీరు నోటితో చెప్పండి, నేను రాసుకుంటా" అన్నాను.

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు జానీబీ అత్త టీ జగ్గు పక్కన పెట్టి, కొంగు నడుముకు చుట్టుకుంది. "రాసుకో పాపా. ఇరవై ఏండ్లకు ఊరు ఎట్లుండల్లో అడుగుతాండావు గదా? నాకు ఇరవై ఏండ్లకు గూడా పని ఉండల్ల. అరుగు తీసేస్తే యాడ కూసోని కుట్టల్ల, నడీరోడ్డులోనా? అదే రాయి. నా పేరు గూడా రాయి."

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎలక్ట్రికల్ అంగడి జీషాన్ లేచి, "అందరూ దించినారని నేనూ గ్లాసు దించినా గానీ, రోడ్డు వస్తే మాకు బేరాలు పెరుగుతాయి, నాకు కావల్లప్పా" అన్నాడు. వాడి మీద నలుగురు లేచారు. వాడూ తగ్గలేదు. మాటలు పెరుగుతుంటే నువ్వు రాసిన మీ తాత మాట గుర్తొచ్చింది. కానీ కొడవళ్ళేమీ లేవలేదు అత్తా, గొంతులే లేచాయి. అరిచి అరిచి అలసిపోయాక జీషాన్ మాటలోనూ కొంత న్యాయముందని వాహిద్ తాతే అన్నాడు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అంబులెన్సు లోపలికి రాలేకపోతోందని ఒప్పుకున్నారు. వీధి మధ్యలోని కరెంటు స్తంభాలు పక్కకు జరిపి, బండ్లు వీధి చివర పెట్టుకుంటే ఉన్న వెడల్పే చాలునన్నారు. పెద్ద రోడ్డును వెనకాల వాన నీళ్ళు పోయే పాత వంక గట్టు మీదుగా తిప్పమన్నారు. అక్కడ ఇళ్ళు లేవు, ముళ్ళచెట్లే ఉన్నాయి. సారు వింటూ వింటూ కుర్చీ దిగి బండ మీద కూర్చున్నారు. జేబులోంచి పెన్ను తీసి ఆ వంక ఎటు పోతుందో తనే అడిగి గీసుకున్నారు.

వెళ్ళేటప్పుడు మాత్రం, "నా పక్కనే కూర్చుని నాకే అడ్డం తిరిగావు శిరీషా. ఆఫీసులో మాట్లాడదాం" అన్నారు. ఇంకా మాట్లాడలేదు. నా ముందరి నివేదికలు రెండూ తప్పని రాసి, వీధివాళ్ళ మాటలన్నీ వాళ్ళ పేర్లతో సహా జతచేసి నిన్న ఇచ్చాను. ఎర్ర గీత ఇంకా పోలేదు, చుక్కల గీత అయింది. అంటే మళ్ళీ పరిశీలిస్తారని. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు కానీ, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. అంతా అయ్యాక జానీబీ అత్త మళ్ళీ వేడిగా టీ పోసింది. అందరూ తాగారు, నేనూ తాగాను. వాహిద్ తాత మాత్రం సరిగ్గా సగం తాగి, గ్లాసు దించి, నమాజుకు టైమైందని వెళ్ళిపోయాడు. సగం అంటే ఏమిటి అత్తా? సగానికే ఒప్పుకున్నట్టా? వంక గట్టు రోడ్డు మీద అనుమానమా, నా మీద అనుమానమా? మూడు రోజులుగా అదే ఆలోచన. ఐదో తేదీలోగా నాకు తెలియాలి. వెంటనే రాయి.

శిరీష

*

పులివెందుల,
3 జూలై 2025

నా బంగారు శిరీషకు,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. నువ్వు గ్లాసు బండ మీద పెట్టిన చోట కళ్ళు తుడుచుకుంటుంటే, లెక్కల టీచరు ఎవరికేమైందని కంగారుపడింది. ఏమీ కాలేదు, మా పిల్ల పెద్దదైందని చెప్పాను.

సగం గ్లాసు సంగతి. మా తాత కాలం నుంచి నా కాలం దాకా సగం గ్లాసుకు అర్థమేమిటో నేనెప్పుడూ వినలేదు. అందుకని నీ కోసం జానీబీకి ఫోన్ చేశాను. ఆమె పడీ పడీ నవ్వింది. "ఆయప్పకు షుగరక్కా! సగం తాగేసరికి వాళ్ళావిడ కిటికీలోంచి గుడ్లురిమి జూసె, పాపం దించేసినాడు" అంది.

మూడు రోజులు ఆలోచించావు కదా పిచ్చిదానా, ఊళ్ళోనే ఉన్న మనిషిని వెళ్ళి అడగడానికి ఎంతసేపు? మొదట గ్లాసులు చూసి కూడా ఏమీ లేదనుకున్నావు. ఇప్పుడు ఏమీ లేని చోట ఏదో ఉందనుకుంటున్నావు. నిన్ను అని ఏం లాభం, నేను కూడా ఒక్క ముక్క విడమరిచి రాయడానికి నామోషీ పడి నీకు పదిహేను రోజులు వృథా చేశాను. వీధివాళ్ళు నోరుండి గ్లాసులతో మాట్లాడారు. అందరం కలిసి కొంపలు కూల్చుకోబోయాం. ఇకమీదట అర్థం కాకపోతే అడుగు. అర్థమైందనుకున్నా అడుగు.

ఐదో తేదీ శనివారం. పొద్దున యేసుబాబు బస్సుకే వస్తున్నాను. నా అభ్యంతరం కూడా రాసుకో. నోటితోనే చెబుతాను కానీ, నువ్వు ముందే సిద్ధంగా ఉంటావని ఇక్కడ కూడా రాస్తున్నాను.

మొన్న నువ్వు నా అరుగు కోసమా అని అడిగితే మండిపడ్డాను. ఎందుకంత గుచ్చుకుందా అని తర్వాత ఆలోచించాను. నిజం కాబట్టే గుచ్చుకుంది. ఫోన్లు చేసి ఎవరినీ ఎగదోయలేదు, అది దేవునికి తెలుసు. కానీ అవును, నా అరుగు నాకు కావాలి. ఇంకో మూడేళ్ళలో రిటైరవుతాను. ఈ పరాయి ఊళ్ళో అద్దె గది ఖాళీ చేసి, ఆ తాళం తీసి, ఆ అరుగు మీద కూర్చోవాలని ఎన్నేళ్ళుగా అనుకుంటున్నానో ఎవరికీ చెప్పలేదు. నీ ప్లాను చెబుతున్న 2045కు నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు. అప్పుడు నాకు అరవై అడుగుల రోడ్డు ఎందుకు? ఎదురుగా జానీబీ, మధ్యలో వినపడేంత దూరం, కూర్చోవడానికి చల్లటి బండ. ఇన్నేళ్ళలో మీకెట్లా కావాలని మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. నువ్వు అడిగావు. అందుకే చెబుతున్నాను.

మీ సారు ఆఫీసులో ఏమన్నా తల దించుకోకు. ఉద్యోగం పోతే పులివెందుల రా, మా తొమ్మిదో తరగతిని నీకు అప్పగిస్తాను. అప్పుడు తెలుస్తుంది కష్టమంటే.

జానీబీకి చెప్పు, శనివారం టీలో అల్లం దండిగా వేయమని. తాగుతానో దించుతానో మీ చుక్కల గీత చూశాక చెబుతాను.

నీ అత్త,
దేవకుమారి